45 అక్షరాల జబ్బు

ఇంగ్లీషులో పొడుగాటి మాటల ఊసు ఎత్తకూడదు. ఎత్తామా, అక్కడున్నవాళ్లలో ఎవడో ఒకడు గొంతు సవరించుకుంటాడు. పెళ్లివారి విడిదిలో అయినా, రైలు పెట్టెలో అయినా అదే తంతు. కళ్లు సగం మూసి, ఊపిరి బిగబట్టి, ‘న్యూమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవల్కేనోకోనియోసిస్’ అని ఒక్క గుక్కలో అప్పజెప్పి మన మొహాలు చూస్తాడు. మనం ‘అబ్బో’ అనాలి. అంటే ఊరుకుంటాడా? అగ్నిపర్వతాల సన్నటి దుమ్ము పీల్చితే ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు అని, అడక్కపోయినా అర్థం చెబుతాడు. 45 అక్షరాలని వేళ్ల మీద లెక్క కూడా పెడతాడు.

అలాంటి దుమ్ము వల్ల వచ్చే జబ్బును డాక్టర్లు సిలికోసిస్ అని తేల్చేస్తారు. ఈ కొండవీటి చేంతాడును 1935లో అమెరికాలో నేషనల్ పజ్లర్స్ లీగ్ అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ కావాలని పేనాడు. పొడుగు కోసమే పేనాడు. పత్రికలో పడింది, ఆ తర్వాత నిఘంటువుల్లోకీ ఎక్కి కూర్చుంది. గిన్నిస్ పుస్తకంలో పేరు కోసం గోళ్లు పెంచుకున్నట్టు పెంచిన మాట అది. దాన్ని చూసి మురిసిపోయేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

2018లో శశి థరూర్ తన కొత్త పుస్తకాన్ని పరిచయం చేస్తూ ‘ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్’ అని ఒకటి వదిలారు. దేనికీ కొరగాదని తీసిపారెయ్యడం అని దానర్థం. ఇక చూసుకోండి, నాలుగు రోజులపాటు ఎవరి ఫోన్లో చూసినా అదే. అందరూ అక్షరాలు లెక్కపెట్టారు: 29. దాన్లో ఉన్న అసలు విశేషం మాత్రం ఎవరికీ పట్టలేదు. ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే అక్షరం ‘ఈ’. అంత పొడుగు మాటలో అది మచ్చుకైనా లేదు. ‘ఐ’లు మాత్రం తొమ్మిది ఉన్నాయి! ఆ ఒక్క కారణంగా ఆ మాటను నేను క్షమించాను.

పొడుగులో ఏముందండీ? ఫలానా అక్షరాలు ఉండాలి, ఫలానావి ఉండకూడదు, ఫలానా వరసలో రావాలి అని కట్టడి పెట్టుకుని వెతికితే కదా రుచి. అయిదు అచ్చులూ ఉన్న మాట చెప్పమనండి. చదువుకున్నవాళ్లు ‘ఎడ్యుకేషన్’ దగ్గర ఆగిపోతారు. లెక్కల మాస్టార్లయితే ‘ఈక్వేషన్’ అంటారు, అది ఇంకా పొట్టి. కూరల బుట్టలో వెతికితే కాలీఫ్లవర్ దొరుకుతుంది, అయిదూ ఒక్కొక్కసారే వస్తాయి. నాకు వీటన్నిటికన్నా ఇష్టమైనది ‘డైలాగ్’. ఎనిమిదక్షరాల స్పెల్లింగులో అయిదూ ఇరుక్కుని కూర్చున్నాయి. ఇన్నేళ్లుగా సినిమా హాళ్లలో ఆ డైలాగులకు ఈలలు వేస్తున్నాం, ఒక్కడికైనా తట్టిందా?

అచ్చులు వరస తప్పకుండా రావాలంటే ‘ఫెసీషియస్’ ఉంది. తిండీ తాగుడూ అదుపులో పెట్టుకున్నవాణ్ని పొగిడే ‘ఎబ్‌స్టీమియస్’ ఉంది. తలకిందులుగా, ‘యు’తో మొదలై ‘ఏ’తో ముగియాలంటే ‘సబ్‌కాంటినెంటల్’. ఇది ఉపఖండం వాళ్లమైన మన సొత్తు, ఇంగ్లండు వాళ్లకు ఇవ్వనక్కర్లేదు. ఏ అక్షరమూ రెండోసారి రాకూడదంటే ‘అన్‌కాపీరైటబుల్’, పదిహేను అక్షరాలు. వేలిముద్రల గీతలను చదివే శాస్త్రానికి ‘డెర్మటోగ్లిఫిక్స్’ అని పేరు. దానివీ పదిహేనే, అందులోనూ ఏ ఒక్కటీ మళ్లీ రాదు.

నా ఆటకు నియమాలున్నాయి. చివర ‘ఎస్’ తగిలించి బహువచనం చేసి ఒక అక్షరం సంపాదించడం నా దగ్గర చెల్లదు. ‘నెస్’ అతికించడం అంతకన్నా నీచం. తొమ్మిదక్షరాలకు ఒకే అచ్చు అంటూ ‘స్ట్రెంగ్త్స్’ను ఊరేగిస్తారు. ఆ ‘ఎస్’ ఊడబెరికినా ఎనిమిదింటికి ఒకటి మిగులుతుంది, చాలదూ? ఆశకు అంతుండాలి.

ఇంట్లో కుర్రకారుతో నాకు వేరే పేచీ. నేను వీధి అరుగు మీద కూర్చుని ఒక మాట కోసం తల బద్దలు కొట్టుకుంటుంటే, మా మేనల్లుడు “ఒక్క క్షణం మామయ్యా” అని ఫోన్లో ఏదో నొక్కి పాతిక మాటలు చదివేస్తాడు. పంచాంగం చదివినట్టు చదువుతాడు, ఒక్కదాని దగ్గరా ఆగడు. వాణ్ని అని లాభం లేదు. 1984లోనే కెర్నిఘన్, పైక్ అనే ఇద్దరు కలిసి రాసిన యూనిక్స్ పుస్తకంలో, నిఘంటువంతా గాలించి అచ్చులు వరసగా ఉన్న మాటలు పట్టి ఇచ్చే చిట్కా ఒకటి పెట్టారు. ఆ వలలో పడినవాటిలో ‘అకైలస్’ అనేది నన్ను కట్టిపడేసింది. పెదవులు లేనిది అని అర్థం.

పెదవులు లేకపోవడమంటే మనకు వేరే చెప్పాలా? కుతుబ్‌షాహీల కాలంలో మరింగంటి సింగరాచార్యులు ‘దశరథరాజనందన చరిత్ర’ను నిరోష్ఠ్యంగా రాశాడు. పెదవుల పని పడే అక్షరం ఒక్కటీ రానివ్వలేదు. పకారాలూ మకారాలూ లేకుండా రాముడి కథ చెప్పాలి. అసలు రాముడి పేరులోనే మకారముంది, పాపం! కావ్యం పేరు దగ్గరే ఆయన ఎలా తప్పించుకున్నాడో చూడండి. ఇక అవధానంలో న్యస్తాక్షరి అడిగే పృచ్ఛకుడు, ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరం పడాలంటాడు. నిషిద్ధాక్షరి ఆయన ఇంకా గడుసు. అవధాని నోట్లో ఉన్న అక్షరాన్ని ముందే పసిగట్టి వద్దంటాడు. పిలకలూ శాలువాలూ తీసేస్తే ఇది నా ఆటే.

అమెరికాలో ఎర్నెస్ట్ విన్సెంట్ రైట్ అనే ఆయన తనకు తానే నిషిద్ధాక్షరి పెట్టుకున్నాడు. 1939లో వచ్చిన ఆయన నవల ‘గ్యాడ్స్‌బీ’లో యాభై వేల పైచిలుకు మాటల్లో ‘ఈ’ లేదు. అంటే ‘ద’ లేదు, ‘హీ’ లేదు, ‘షీ’ లేదు. పొరపాటున పడకుండా టైపు మిషన్లో ఆ అక్షరాన్ని మోసే కడ్డీని కట్టేసి మరీ రాశాడట.

నాకు ఎవరూ కట్టెయ్యనక్కర్లేకపోయింది. మా ఊరి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నా వంతుకు వచ్చే మిషన్లో ‘ఈ’ కొడితే కడ్డీ లేచి అక్కడే నిలబడిపోయేది. వేలితో కిందికి లాగి మళ్లీ మొదలుపెట్టాలి. కిటికీ పక్కనున్న రెమింగ్టన్ మాత్రం వెన్నలా కదిలేది. అది మాస్టారి బావమరిదికి శాశ్వతంగా రాసిచ్చారు. (రెమింగ్టన్ వాళ్లు మొదట తుపాకులు చేసేవాళ్లు. ఆ గదిలో మధ్యాహ్నం బ్యాచి మోత విన్నవాళ్లెవరూ ఆశ్చర్యపోరు.)

‘ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమీకోలన్ ఎల్ కె జె హెచ్ జె’ అని నెల తిరిగేదాకా అదే కొట్టించారు. నేను దొంగతనంగా మాటలు కొట్టేవాణ్ని. పై వరస ఒక్కదానితోనే ‘టైప్‌రైటర్’ వచ్చేస్తుంది, ‘ప్రొప్రైటర్’ కూడా వస్తుంది. కుడిచేత్తోనే ‘లాలీపాప్’ కొట్టవచ్చు. కింది వరసలో అచ్చే లేదు, దాంతో ఏమీ రాదు. ఈ సంగతి కనిపెట్టి మాస్టారికి చూపిస్తే, కాగితం ఖరీదు నీ అబ్బ ఇస్తాడా అన్నారు. కాగితాలు మేమే తెచ్చుకునేవాళ్లం!

లోయర్ పరీక్షకు మిషన్లు మేమే సెంటరుకు మోసుకెళ్లాలి. రిక్షాలో ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, రిక్షావాడు దాన్ని కూడా మనిషి కింద కట్టి ఇద్దరి డబ్బులు అడిగేవాడు. ఆ ఖర్చు ఇన్‌స్టిట్యూట్‌దే అని మేమూ, పరీక్ష రాసేది మీరా నేనా అని మాస్టారూ. ఆయన బావమరిది మాత్రం స్కూటర్ మీద వచ్చాడు, రెమింగ్టన్ వెనక సీట్లో తాళ్లతో కట్టించుకుని.