మఱ్ఱిగూడ సీమలో మంచినీళ్లు



యాత్రయనగా మనకు తీర్థములును క్షేత్రములును జ్ఞప్తికి వచ్చును. నదిలో మునిగి, చెంబెడు నీరు ముద్రవేయించి యింటికి తెచ్చుకొని, పూజామందిరములో భద్రపఱచుకొందుము. ఈ మాఱు నేను చూచివచ్చిన తీర్థము అట్టిది కాదు. అది నల్లగొండజిల్లా మఱ్ఱిగూడ మండలములోని యొక చిన్నపల్లెలో, ఒక యింటి వాకిట నేలనుండి జానెడెత్తు లేచియున్న గొట్టము. మావైపు దానిని కుళాయి యందుము. అచ్చటివారు నల్లా యందురు. ఆ నల్లానీటిని గూర్చియే యీ నాలుగుమాటలు.

మావారికడ చదువుకొని యిప్పుడు తానును ఉపాధ్యాయుడైన యొక యువకుడు తన కుమార్తె యక్షరాభ్యాసమునకు మమ్ము పిలిచెను. హైదరాబాదునుండి నాగార్జునసాగరము పోవు బాటలో ఇబ్రహీంపట్నము గడచి, మాల్ అను నూరు దాటి, ప్రక్కదారి పట్టితిమి. ఇరుప్రక్కల పత్తిచేలు, బత్తాయితోటలు, నడుమనడుమ తాళ్లు. ఎటు చూచినను, ఏనుగులు పండుకొనియున్నవా యనునట్లు నల్లని గుండ్లు. ఈ గుండ్లకును ఆ యూరివారి యెముకలకును గల సంబంధ మప్పుడు నాకు తెలియదు.

మేము చేరునప్పటికి మిట్టమధ్యాహ్నము. ఉపాధ్యాయుని తల్లి యరుగుపై కూర్చుండి యుండెను. నమస్కరించితిని. ఆమె తల యెత్తలేదు. ఆదరము లేక కాదు. ఆమె మెడ యెత్తుటకు రాదు. వెన్ను వంగి, మోకాళ్లు బిగిసి, చూపు ఎల్లప్పుడు నేలమీదనే నిలిచియుండును. నేనే నేలపై కూర్చుండి యామె మొగము చూచితిని. చల్లని నవ్వు నవ్వి, తన ప్రక్కనున్న బిందెనుండి లోటాతో నీరు ముంచి యిచ్చి, "తాగు బిడ్డా, ఎండల వడి వచ్చినవ్. మా బోరింగు నీళ్లు తియ్యగుంటయి" అనెను.

నిజముగనే తియ్యగా నుండెను. అద్దమువలె తేటగా, చల్లగా నుండెను. గడగడ త్రాగి, "పెద్దమ్మా, మా పట్టణములో నిట్టి నీరు దొరకదు" అని మెచ్చుకొంటిని. ఆ మాట వినగానే గడపలో నిలిచియున్న కోడలి ముఖము చిన్నబోయినది. కారణము సాయంకాలమునకు గాని నాకు తెలియలేదు.

ఆ నీటిలో ఫ్లోరైడు అను లవణ మున్నది. దానికి రంగు లేదు, వాసన లేదు, నీటిలో నున్న పాటి మోతాదునకు రుచియును లేదు. ఆ గుండ్లఱాతిలోని కొన్ని ఖనిజములయందు ఫ్లోరిన్ ఉండును. వాననీరు నేలలోనికి దిగి యా ఱాతి పగుళ్లలో ఏండ్లతరబడి నిలిచినకొలది, ఆ లవణము నీటిలో కఱగును. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము మించరాదని మన దేశపు ప్రమాణము. వేఱు నీరు దొరకనిచోట ఒకటిన్నఱవఱకు ఓర్చుకొందురు. నల్లగొండసీమలో కొన్నిచోట్ల పది మిల్లీగ్రాములకు పైగా నుండినది. పిల్లల పండ్లు దవుడలో రూపుకట్టుచున్న కాలమున, అనగా సుమారు ఎనిమిదేండ్లలోపల, ఆ నీరు త్రాగినచో పండ్లపై సున్నపు మచ్చలును, పసుపు గోధుమరంగు చాఱలును ఏర్పడును. ఏండ్లకొలది త్రాగినచో ఎముకలు గట్టిపడి, కీళ్లు బిగిసి, నడుము వంగిపోవును. ఒకసారి వంగిన యెముకను తిన్నగా చేయు మందు లేదు. రాకుండ చూచుకొనుట యొక్కటే మార్గము.

మన దేశములో నీ వ్యాధిని వైద్యులు మొదట గుర్తించినది తెలుగునేలమీదనే. 1937లో నాటి నెల్లూరు జిల్లా గ్రామములలోని రోగులను పరీక్షించి, షార్ట్ మొదలగువారు దీనికి ఫ్లోరైడు కారణమని ప్రకటించిరి. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వైద్యులు, ఇట్టి ఫ్లోరైడు సీమలలో మోకాళ్లు లోపలికి వంగిన పిల్లలను గూర్చి లోకమునకు తెలిపిరి. ఆ దశకములోనే నాగపురమునందలి నీరీ సంస్థవారు, పటిక, సున్నము, బ్లీచింగు పౌడరు కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని కనుగొని, దానికి 'నల్లగొండ పద్ధతి' యని పేరిడిరి. ఒక జిల్లా పేరు లోకమంతట నీరీతిగా వ్యాపించుట గర్వింపదగినదో విచారింపదగినదో నాకు తోచదు. పద్ధతి మంచిదే కాని, దినదినము మందు కలిపి, తేర్చి, అడుగునబడిన మడ్డిని పాఱవేయవలెను. పల్లెలలో నది చిరకాలము సాగుట కష్టమైనది.

నీటికొఱకు ఆ జిల్లావారు పడిన పాట్లు చిన్నవి కావు. దుశ్చర్ల సత్యనారాయణగారు స్థాపించిన జలసాధన సమితి పిలుపుపై 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండనుండి వందలకొలది సామాన్యులు పోటీకి నిలువగా, అభ్యర్థుల సంఖ్య 480 అయినది. ఓటుకాగితము పుస్తకమంత పెరిగి, ఎన్నికయే వాయిదాపడినది. ఈ మఱ్ఱిగూడ మండలమందలి శివన్నగూడెమువాడైన అంశల స్వామి, పసితనముననే యీ వ్యాధికి గుఱియైయును, తనవంటివారికొఱకు జీవితాంతము నోరు విప్పి మాటలాడి, 2022లో కన్ను మూసెను. హైదరాబాదు మహానగరమునకు 2004 నుండియు కృష్ణాజలము ఈ జిల్లామీదుగనే గొట్టములలో పోవుచుండెను. తన నేలలో పాఱెడి నీరు తన గొంతు తడుపకపోవుట యెంత బాధయో యోచింపుడు. పిమ్మట 2016లో మొదలైన మిషన్ భగీరథ పథకముచే, శుద్ధిచేసిన కృష్ణానీరు ఈ పల్లెల యిండ్లకును చేరినది.

సాయంకాలము అక్షరాభ్యాసమునకు వచ్చిన పిల్లలను చూచితిని. పండ్రెండేండ్లు దాటిన వారిలో కొందఱి పండ్లపై చాఱలున్నవి. చిన్నపిల్లలు నవ్విన మల్లెమొగ్గలు విచ్చినట్లున్నది. ఒక నదీజలము చేసిన పనిని నేను గ్రంథములలో చదువలేదు. ఆ పసివారి నోళ్లలో చూచితిని.

కథ యింతటితో ముగిసిన బాగుండును. రాత్రి వంటయింటిలో కూర్చున్నప్పుడు కోడలు మెల్లగా చెప్పినది: "అమ్మగారూ, ఇంట్లో రెండు బిందెలున్నాయి. ఒకటి నల్లానీళ్లు, ఒకటి బోరింగువి. నల్లానీళ్లు మందు వాసన వస్తాయని అత్తమ్మ ముట్టదు. ఆమె చాయ, ఆమె పప్పు అన్నీ బోరింగు నీళ్లతోనే. పాప ఎప్పుడూ నాయనమ్మ ఒడిలోనే ఉంటుంది. ఆమె లోటాలోనే తాగుతుంది. వద్దంటే అత్తమ్మ మనసు నొచ్చుకుంటుంది. ఈ పొద్దు మీరు కూడా ఆ నీళ్లనే మెచ్చుకొన్నారు."

సిగ్గుతో నా తల వంగినది. ఒక లోటా నీటిచే నాకేమియు కాదు. కాని నా మెప్పు ఆ యింటిలో నొక తీర్పయినది.

ఆ పిల్ల తెలియనిది కాదు. జలజీవన పథకము క్రింద గ్రామమునకు ఐదుగురు స్త్రీల చొప్పున నీటిపరీక్ష నేర్పిన వారిలో ఆమెయు నొకతె. పరీక్షపెట్టె ఆమె యింటి అటుకమీదనే యున్నది. ఊరివారి నీళ్లన్నియు పరీక్షించినది, అత్తగారి బిందె తప్ప! ఇది భయము కాదు, గౌరవము. గౌరవమను పేర మన యిండ్లలో నెన్ని మంచిమాటలు గొంతులోనే నిలిచిపోవుచున్నవో మీకును తెలియును.

మఱునాడు ఉదయమున నేనే యడిగితిని: "పెద్దమ్మా, మీ కోడలు నేర్చిన విద్య నాకు చూపింపదా?" ఆ తల్లి సంతోషముతో "చూపెట్టు బిడ్డా" అనెను. కోడలు రెండు చిన్నసీసాలు తెచ్చి, ఒకదానిలో నల్లానీరు, ఇంకొకదానిలో బోరింగు నీరు పోసి, రెంటను మందు వేసినది. నల్లానీరు గులాబిరంగున నిలిచినది. బోరింగు నీరు చూచుచుండగానే పసుపుపచ్చగా మాఱినది. ముసలితల్లి తల యెత్తలేదు గనుక, సీసాలను నేలపై నామె చూపు పడుచోట నుంచితిమి. చాలసేపు మాటలేదు. తరువాత "తెల్లగనే ఉండె గద బిడ్డా, నీళ్లు" అని మాత్ర మనెను. మనుమరాలిని దగ్గఱకు తీసికొని, ఆ పిల్ల పెదవి వ్రేలితో పైకెత్తి, పండ్లు తడవి చూచి, కోడలితో, "ఆ బిందె గిన్నెలు తోమనీకి పెట్టు. పిల్లకు నల్లనీళ్లే పొయ్యి. నాకు గూడ గవే పొయ్యి" అనెను. కోడలు మాఱు పలుకక బిందె నెత్తుకొని పెరటిలోనికి పోయినది.

అరణ్యపర్వములోని యక్షుని కొలను నా కప్పుడు జ్ఞప్తికి వచ్చినది. ఆ కొలనినీరు కూడ తేటదే. ప్రశ్నకు బదులు చెప్పక త్రాగిన నలుగురు తమ్ములును నేలగూలిరి. నిలిచి బదులు చెప్పిన ధర్మరాజు తానును బ్రతికి, వారిని బ్రతికించుకొనెను. ప్రతి నీటికిని ఒక ప్రశ్న యుండును: "నీ వెచ్చటినుండి వచ్చితివి? నీలో నేమున్నది?" కన్నును నాలుకయు ఈ ప్రశ్నకు బదులు చెప్పజాలవు. పరీక్షయే చెప్పవలెను.

ఐనను నల్లానీరు గదా యని నిశ్చింతగా నుండరాదు. ఆ పల్లెలోనే, నీటి యొత్తిడి చాలక కొందఱు వాకిట గుంత త్రవ్వి, నల్లాను అందులోనికి దింపుకొనిరి. గుంతలో బురదయు, గిన్నెలు కడిగిన నీరును నిలిచియుండును. నీరు విడుచు వేళ గడచి గొట్టము వట్టిపోయినప్పుడు, ఆ గొట్టమే పీల్చినట్లుగా మురికిని లోనికి లాగికొనును. మఱునాడు మొదటి బిందెలో పడునది ఆ మురికియే. మన యింటి గుంతలోనిది ప్రక్కయింటి బిందెలో పడినను పడవచ్చును. కృష్ణనుండి యన్ని క్రోసులు శుద్ధముగా వచ్చిన నీరు, మన వాకిట మూరెడు దూరములో చెడిపోవుచున్నది. ఈ మూరెడు ఏ సర్కారుదియు కాదు, మనది.

మందువాసన యనుచున్నాము గదా, అది క్లోరిను. లీటరునకు మిల్లీగ్రాములో నైదవవంతైనను నల్లాకడ మిగిలియుండవలెనని నియమము. ఆ కొంచెము వాసనయే విరేచనములు, కామెర్లు, సన్నిపాతజ్వరము తెచ్చు క్రిములనుండి దారిపొడుగున కాపాడు కావలివాడు. వాసన కిట్టనిచో నీటిని మూతబెట్టి కొన్ని గంటలు నిలువయుంచిన చాలవఱకు తగ్గును. వాసన యేమియు లేకుండుటయే అనుమానింపదగిన సంగతి.

ఇంకొక ముఖ్యవిషయము. కాచిన క్రిములు చచ్చునే కాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియై తగ్గినకొలది, మిగిలిన నీటిలో దాని పాలు హెచ్చును. వడగట్టినను పోదు. కావున ఫ్లోరైడు సీమలలో బోరింగు నీటితో పప్పు వండుటయు, చాయ కాచుటయు త్రాగుటతో సమానమే. క్యానులలో అమ్ము ఫిల్టరు నీటిలో ఫ్లోరైడు తగ్గియుండును గాని, కావలివాడగు క్లోరిను కూడ ఉండదు. కడుగని క్యానులో నది త్వరగా చెడును.

మన వంటయింటి చింతపండునకు చిన్న మెప్పు దక్కినది. 2002లో జాతీయ పోషకాహార సంస్థవారు బడిపిల్లలకు చింతపండు పెట్టి చూడగా, మూత్రముతో ఫ్లోరైడు హెచ్చుగా వెడలిపోయినది. పాలు, పెరుగు, రాగులు, ఉసిరిక కూడ ఎముకలకు బలము. కాని యివన్నియు తోడుపడునవే, చెడ్డనీటికి మాఱుకావు.

కావున మన చేతిలోని పనులు నాలుగు: నల్లా నెప్పుడును గుంతలో నుంచక గట్టుమీద నుంచుట, మొదట వచ్చు నీటిని కొంత విడిచి, పిదప పట్టుట, బిందెకు మూతయు, ముంచుటకు పిడిగల గరిటెయు నుంచుట, ఊరి తొట్టి నెప్పుడు కడిగిరో, పరీక్ష నెప్పుడు చేసిరో గ్రామసభలో నడుగుట. గొట్టము పగిలి నీరు రాని దినములలో పాతబోరింగునకు పరుగెత్తకుండ, రెండుదినముల మంచినీరు నిలువయుంచుకొనుట ఐదవది.

మేము బయలుదేఱునప్పుడు ఆ ముసలితల్లి మరల లోటాతో నీ రిచ్చినది. క్లోరిను వాసన వచ్చినది. "ఎట్లున్నయి బిడ్డా?" అని యడిగెను. తియ్యగా నున్నవని అబద్ధ మాడలేదు. "మంచివి పెద్దమ్మా" అంటిని. మనుమరాలు ఆ లోటా నా చేతినుండి లాగికొని మిగిలిన నీరు త్రాగివేసినది.