ఇస్త్రీ పెట్టె మీద కొలను లైటు

షాద్‌నగర్ ఇప్పుడు కాగితాల మీద రంగారెడ్డి జిల్లా. 2016 అక్టోబరు దాకా మహబూబ్‌నగర్‌దే. మాట తీరు ఇప్పటికీ పాలమూరుదే. బెంగళూరు హైవే మీద శని, ఆదివారాల్లో హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ల కోసం చుట్టుపక్కలంతా ఫామ్‌హౌస్‌లు లేచాయి. ఫామ్‌హౌస్ అన్నాక ఈత కొలను ఉండాలి, కొలనన్నాక నీళ్లలో నీలం లైటు వెలగాలి. ఆ లైట్లు చెడిపోతే ఏం చేస్తారో చూద్దామని ఊళ్లో ఒక రిపేరు షాపుకు వెళ్లాను.

ఒక షట్టరు, ఒక బల్ల, అంతే షాపు. ఇల్లు గడిచేది బోరు మోటారు స్టార్టర్ల మీద. ఎండాకాలం మాత్రం ఈ గుండ్రటి లైట్లు సంచుల్లో వస్తాయట. నేను కూర్చున్న కాసేపటికే ఒక వాచ్‌మన్ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఊకె ఆరుతాంది, వెలుగుతాంది అన్నా. కొత్తది నాలుగైదు వేలంటే సేటు వద్దంటుండు."

మెకానిక్ దాన్ని బోర్లించి చూశాడు. లోపలంతా జిగురు పోసి మూసేసిన రకమైతే ముట్టడు. "అది పగలగొడ్తే కూలి దండుగ సార్. స్క్రూలుంటెనే చేస్త." దీనికి ఉన్నాయి.

లెన్సు మీద పట్టిన తెల్లటి పొర బోరు నీళ్ల సున్నం. నిమ్మచెక్కతో రుద్దితే వదిలింది. విప్పితే లోపల చెమ్చాడు నీళ్లు. కేబుల్ లోపలికొచ్చే చోట రబ్బరు బిరుసెక్కి చిట్లింది, నీళ్లకు దారి అదే. ఇలాంటి లైటుకు వచ్చేది 12 వోల్టుల ఏసీ. ఎల్‌ఈడీకి కావాల్సింది డీసీ. మార్చిపెట్టే బ్రిడ్జి రెక్టిఫయర్ కాలొకటి పచ్చగా చిలుమెక్కి ఊగుతోంది. వెలిగి ఆరడం దానివల్లే. కొత్తది వేయడానికి ఇరవై రూపాయలు కూడా కాలేదు.

బోర్డు మీద పద్దెనిమిది ఎల్‌ఈడీలు, మూడేసి చొప్పున ఆరు వరసలు. వరసలో ఒకటి పోతే మిగతా రెండూ ఆరిపోతాయి. అందుకే మూడు ఆరినా పోయింది ఒకటే కావచ్చు. మీటరుతో ఒక్కోటీ చూసి దాన్ని పట్టాడు. తీయడమే కష్టం. బోర్డు అల్యూమినియంది, వేడిని ఎప్పటికప్పుడు లాగేస్తుంది, సోల్డరింగ్ ఐరన్ చాలదు. పాత ఇస్త్రీ పెట్టెను తలకిందులుగా బిగించి, దాని మీద బోర్డు పెట్టాడు. సీసం మెరిసిన క్షణంలో పట్టకారుతో పాతది ఎత్తి కొత్తది దించాడు. ఆ పని చూడటానికైనా షాద్‌నగర్ వెళ్లొచ్చు.

మూసేటప్పుడు కొత్త రబ్బరు రింగు, కేబుల్ చుట్టూ సిలికాన్. ఘాటుగా వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ వాడడు, అది రాగిని తినేస్తుంది. న్యూట్రల్ అని రాసి ఉన్నదే తెస్తాడు. ఒక రోజు ఆరాక వేడినీళ్ల బకెట్లో ముంచుతాడు. లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, సందుంటే బుడగలొస్తాయి. రాకపోతేనే ఇస్తాడు. కూలితో కలిపి ఆరు వందలు.

ఇంట్లోనే చేసుకోవచ్చా? చేతికి సోల్డరింగ్ అలవాటుంటే చేసుకోవచ్చు. ముందు మెయిన్ తీసేయాలి. ఆపై పైనున్న స్క్రూ విప్పితే చాలు. గూడులో అదనపు కేబుల్ చుట్టి ఉంటే లైటు గట్టు మీదికి వస్తుంది, నీళ్లు తోడే పని లేదు. కొలను కడిగేందుకు నీళ్లు తీసేసినప్పుడు మాత్రం ఇలాంటి లైటు వేయొద్దు. దాన్ని చల్లబరిచేది ఆ నీళ్లే.

పొదుపు ఇక్కడితో సరి. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60364-7-702 ప్రకారం ఈత కొలను నీళ్లలోని లైటుకు 12 వోల్టుల ఏసీ, లేదా 30 వోల్టుల డీసీ దాటకూడదు. ఆ కరెంటిచ్చే సేఫ్టీ ట్రాన్స్‌ఫార్మర్ కొలనుకు దూరంగా ఉండాలి. సిలికాన్ రాసుకోవడం ఎవరికైనా వస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ వైరింగ్ మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేయాల్సిందే. ఫామ్‌హౌస్ అద్దెకు తీసుకుంటే, పిల్లల్ని నీళ్లలోకి దించకముందు పంపు గదిలోకి తొంగిచూడండి. కరెంటు లీకైతే సరఫరా కట్ చేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ ఉందా, దాని టెస్ట్ బటన్ నొక్కితే పడిపోతోందా అని వాచ్‌మన్‌ను అడగండి. పడకపోతే ఆ రోజుకు ఈత మానుకోండి.