కాగితం ఒకటే, లెక్కలు మూడు

మొన్న సంక్రాంతికి నంద్యాలలో రైలు దిగి ఆళ్ళగడ్డ బస్సెక్కాను. సిరివెళ్ళ దాటేదాకా ఫోన్లో ఆఫీసు గొడవే. పాత దస్తావేజులన్నీ వేర్‌హౌస్‌లో పెట్టి కాలం, ఊరు, రకం, మనిషి... ఇలా ఏ వైపు నుంచైనా లెక్కలు తీసే క్యూబు కడుతున్నాం లెండి. లెక్కలొచ్చాక అసలు కాగితంతో పనేముంది, స్థలం దండగ, తీసేద్దామన్నాడు మా లీడు. నేనూ సరేనన్నాను.

ఇంటికెళ్తే అక్కడా దస్తావేజు గొడవే! మా నాయన, పెదనాయన, చిన్నాయన 1996లో రాసుకున్న భాగపరిష్కార పత్రం. ఈ వారం బావి నీళ్ళు ఎవరివని తగువు.

"మీ ఆఫీసులో ఇట్లాంటి కాగితాలేనంట గదా, ఏం జేస్తారు?" అన్నాడు నాయన.

"ఇందులో ముగ్గురి పేర్లున్నాయి కదా, మనిషివారీ లెక్కలో మూడుసార్లు వస్తుంది" అన్నాను గొప్పగా.

"కాగితం ఒకటే గదరా, మూడెట్లయితాది?"

నోట మాట రాలేదు. అమ్మకాల డేటా అయితే అంకెలుంటాయి, కూడితే సరి. దస్తావేజులో కూడటానికేముంది? మా పత్రంలో ముగ్గురు మనుషులు, ఐదు సర్వే నంబర్లు. నేరుగా జాయిన్ చేస్తే 15 వరుసలు! మధ్యలో బ్రిడ్జి టేబుల్ పెట్టి, మొత్తం తీసేటప్పుడు దస్తావేజు నంబరుని ఒక్కసారే లెక్కపెట్టాలి. ఊరి డైమెన్షన్ ఇంకో తలనొప్పి. నంద్యాల జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. 'కర్నూలు' కొట్టేసి 'నంద్యాల' అని రాసేస్తే, 1996లోనే ఆ జిల్లా ఉన్నట్టు రిపోర్టొస్తుంది. పాత వరుస అలాగే ఉంచి తేదీలతో కొత్త వరుస చేర్చాలి. కింబాల్ చెప్పిన టైప్ 2 ఇదే.

ఇవన్నీ సరిచేసినా బావి తగువు తీరదు. అది మూడో పేజీలో ఒక్క వాక్యం, ఎండాకాలంలో నాలుగు రోజులకొకసారి వంతు మారాలని, మిగతా రోజుల్లో వారానికొకసారని. ఏ డైమెన్షన్‌లో పడుతుందది? పెదనాయన నాతో రెండుసార్లు చదివించుకున్నాడు. ఏం మాట్లాడకుండా పంచె సర్దుకుని లేచాడు. మర్నాడు పొద్దున మోటారు చిన్నాయన వేశాడు.

తిరుగు బస్సులోనే లీడుకి మెయిల్ కొట్టాను, కాగితం తీసెయ్యొద్దు, క్యూబులో ఏ అంకె నొక్కినా చివరికి అదే తెరుచుకోవాలని. ఇంకా ఒప్పుకోలేదు. డిస్కుకి ఎంతవుతుందో లెక్క చెప్పమన్నాడు.