అంట్లు తోమేవాడి ఓటు

వంట తనది, అంట్లు నావి. పెళ్లయి అమెరికా వచ్చిన కొత్తలో ఎవరూ కూర్చుని రాసుకోని ఒప్పందం ఇది, ఇన్నేళ్లయినా చెల్లుతోంది. తెనాలి దగ్గర మా ఊళ్లో ఉన్నంతకాలం తాగిన గ్లాసు కూడా తీసి పెట్టి ఎరగను. ఇక్కడ డిష్‌వాషర్ ఉంటుంది కదా అంటారు కొత్తగా వచ్చినవాళ్లు. ఉంటుంది. అడుగంటిన పాలగిన్నె, అట్ల పెనం, పులుసు పెట్టిన మూకుడు, పిండి ఎండిపోయిన గ్రైండరు గిన్నె దానికి అప్పజెప్పి హాయిగా నిద్రపోయే తెలుగువాణ్ణి మాత్రం నేనింకా చూడలేదు. అందుకే వంటగది బాగుచేయిద్దాం అనుకున్నప్పుడు అల్మరాల రంగు, పిడులు, గోడ టైల్సు అన్నీ మా ఆవిడకే వదిలేశాను. సింక్ దగ్గర మాత్రం నాకూ ఒక ఓటు కావాలన్నాను.

"వేసుకోండి. గెలిచేది మాత్రం తెల్లదే" అంది.

ఆ తెల్లదాని పేరు ఫామ్‌హౌస్ సింక్. మామూలు సింక్‌కి రాతి గట్టు మధ్యలో కన్నం కోసి దింపుతారు. ముందు కొంత గట్టు మిగులుతుంది, దాని కింద అల్మరా చెక్క ఉంటుంది. దీనికి ఆ రెండూ ఉండవు. తొట్టి ముందు గోడే ఏప్రన్ కట్టుకున్నట్టు బయటికి కనిపిస్తుంది, కొంచెం ముందుకు పొడుచుకొచ్చి కూడా ఉంటుంది. మా డాలస్ చుట్టుపక్కల ఈమధ్య బాగుచేయించిన ఏ ఇంటికి గృహప్రవేశానికి వెళ్లినా ఇదే. ఇక్కడికి గంటన్నర దూరంలో ఉన్న వేకో ఊరి దంపతులు చిప్, జోవానా గెయిన్స్ 2013లో 'ఫిక్సర్ అప్పర్' అనే టీవీ షో మొదలుపెట్టారు. పాత ఇళ్లు కొనేవాళ్లకి వాటిని కొత్తగా చేసిచ్చే కార్యక్రమం. తెల్ల చెక్క గోడలు, కొట్టం తలుపుల్లాంటి జారుడు తలుపులు, ఈ సింక్ ఆ షోతో ఊరూరా పాకాయి. సగం అమెరికా పల్లెటూరి వేషం కట్టింది. ఆ వేషం మీద నాకు పెద్ద గౌరవం లేదు. తొట్టి మీద మాత్రం ఉంది.

ఎందుకంటే అది వేషం కోసం పుట్టింది కాదు. ఇంట్లోకి కొళాయి రాకముందు బావి నుంచో చెరువు నుంచో మోసుకొచ్చిన నీళ్లు పోసుకోవడానికి వెడల్పాటి, లోతైన తొట్టి కావలసి వచ్చింది. అందులోనే గిన్నెలు, అందులోనే బట్టలు, అందులోనే పసిపిల్లలకి స్నానాలు. ఇంగ్లండులో దీనికి బెల్‌ఫాస్ట్ సింక్, బట్లర్ సింక్ అని రెండు పేర్లు. బెల్‌ఫాస్ట్‌లో నీళ్లకి కరువు లేదు కాబట్టి అక్కడి తొట్టికి పొర్లిన నీళ్లు పోయే దారి పెట్టారనీ, లండన్‌లో ప్రతి చుక్కా లెక్కే కాబట్టి అక్కడి దానికి పెట్టలేదనీ చెబుతారు. లాంకషైర్‌లోని డార్వెన్ ఊళ్లో షాస్ అనే కంపెనీ 1897 నుంచి ఈ మట్టి తొట్లు చేస్తోంది. అమెరికాలో ఇనప తొట్ల కథ ఇంకా బాగుంటుంది. విస్కాన్సిన్‌లో జాన్ మైఖేల్ కోలర్ అనే ఆయన వ్యవసాయ పనిముట్లు పోత పోసేవాడు. 1883లో పశువుల తొట్టి ఒకదానికి ఎనామెల్ పూత పూసి, నాలుగు కాళ్లు తగిలించి, స్నానాల తొట్టిగా అమ్మాడు. ఇవాళ ఏ హోటల్లో చేతులు కడుక్కున్నా కనిపించే ఆ కోలర్ పేరు ఆయనదే.

ఇక మా అసలు ఫామ్‌హౌస్ సంగతి. మాది వ్యవసాయం ఇల్లే, సింక్ అన్నది లేదు. పెరట్లో గాబు, దాని పక్కన నాపరాయి, కొబ్బరి పీచు, పొయ్యిలో బూడిద, ఇత్తడి సామానుకైతే చింతపండు. ముక్కాలిపీట మీద కూర్చుని తోమేవారు. నడుములు ఏమయ్యేవో ఆ రోజుల్లో మాలో ఎవరం అడిగిన పాపాన పోలేదు.

షోరూముకి వెళ్తూ నేను ఒక సంచీ పట్టుకెళ్లాను. అందులో పోత ఇనుము పెనం, ఒక స్టీలు గ్లాసు, పదిమందికి సాంబారు కాచే గుండిగ. మా ఆవిడ కారు దిగేదాకా నవ్వుతూనే ఉంది. అత్తయ్య గారు కూడా మాతోనే ఉన్నారు, వేసవికని గుంటూరు నుంచి వచ్చారు.

అక్కడ నాలుగు రకాలున్నాయి. ఫైర్‌క్లే అంటే మట్టి, పైన గాజు లాంటి పూత, రెండు వేల ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటిన వేడిలో కాలుస్తారు. పోత ఇనుము మీద ఎనామెల్ రెండోది. రాగిది ఒకటి పెట్టారు, మా చింతపండు వాడకానికి అది ఎప్పటికప్పుడు మచ్చలు మచ్చలుగా రంగు మారుతుందని తెలిసి దాని జోలికి పోలేదు. నాలుగోది స్టీలు. స్టీల్లో గేజి అంకె తగ్గేకొద్దీ రేకు మందం. 16 గేజి అంటే ఒకటిన్నర మిల్లీమీటర్లు. వేలితో కొడితే డబ్బా చప్పుడు చేసేది వద్దు, అడుగున రబ్బరు పట్టీలు అతికించి ఉన్నది తీసుకోవాలి.

తెల్లదాని మీద నాకున్న మొదటి అనుమానం పసుపు. అది తప్పుడు అనుమానమని న్యాయంగా ఒప్పుకోవాలి. ఫైర్‌క్లే పూతలోకి పసుపు ఇంకదు, కడిగితే పోతుంది. పచ్చబడేది సింక్‌కీ రాయికీ మధ్య పూసే తెల్లటి సిలికాన్. నా అసలు గొడవ స్టీలు సామానుతో. నమూనాకి ఉంచిన ఫైర్‌క్లే ముక్క అడిగి తీసుకుని మా గ్లాసు అంచుతో గట్టిగా రుద్దాను. సన్నటి బూడిదరంగు గీత పడింది. అది గీరుకుపోవడం కాదు, పూత గట్టిది, దానికన్నా మెత్తటి స్టీలే అరిగి దాని మీద అంటుకుంది. అమ్మకాలమ్మాయి ఏదో పొడి వేసి తుడిస్తే గీత మాయమైంది.

"రోజూ ఇలా తుడవాలా?" అని అడిగాను.

"మీరు గిన్నెలు ఎన్నిసార్లు పడేస్తారన్న దాన్నిబట్టి" అంది ఆ పిల్ల, పాపం నిజాయితీగా. మా ఇంట్లో స్టీలు గిన్నె తగలని నిమిషం ఉండదు. సంచీలోంచి పెనం బయటికి తీశాను. దాన్ని చూసి ఆ అమ్మాయి ఎనామెల్ సింక్‌కి రెండడుగుల దూరంలో నిలబడమంది. అంత బరువు జారిపడితే పూత పెచ్చు ఊడుతుంది, ఊడినచోట తుప్పు మొదలవుతుంది.

ఈ గొడవలో అత్తయ్య గారు కనిపించలేదు. తిరిగి చూస్తే అవతల వరసలో ఒక మామూలు సింక్ ముందు నిలబడి ఉన్నారు. కొంగు బొడ్లో దోపుకుని, గాజులు మోచేతి దాకా ఎగదోసుకుని, లోపలికి వంగారు. ఆవిడ ఐదడుగులు లేని మనిషి. అమెరికా గట్టు ఎత్తు 36 అంగుళాలు. రాతి అంచు ఆవిడ పొట్టకి అడ్డుపడింది, మునివేళ్ల మీద లేచినా వేళ్లు అడుగుకి ఆనీ ఆననట్టున్నాయి. పక్కకి నడిచి ఏప్రన్ సింక్ ముందు నిలబడ్డారు. మధ్యలో గట్టు లేదు, తొట్టి గోడ ఒంటికి ఆనుకునే ఉంది. అరచెయ్యి బోర్లా అడుగున ఆనించి, తోముతున్నట్టు రెండుసార్లు తిప్పారు.

"దీనికి అడ్డం లేదు బాబూ. చెయ్యి తిన్నగా పోతోంది. నడుం వంగనక్కర్లేదు" అన్నారు.

మూడు నాలుగంగుళాల తేడా, అంతే. నాకు తెలిసి ఈ సింక్ గురించి చెప్పుకోవలసిన మాట అదొక్కటే, నేను చూసిన ప్రకటనల్లో మాత్రం అది కనిపించలేదు. అవన్నీ అందం గురించే చెప్పాయి. అమ్మకాలమ్మాయి కూడా వచ్చి రెండిటి ముందూ వంగి చూసుకుంది.

ఆకారం విషయంలో మా ఆవిడ గెలిచింది. సరుకు విషయంలో బరువు నా పక్షాన మాట్లాడింది. 33 అంగుళాల ఫైర్‌క్లే తొట్టి వంద పౌండ్లు దాటుతుంది, పోత ఇనుముది ఇంకా ఎక్కువ. నిండా నీళ్లు పడితే ఇరవై గ్యాలన్లు, అంటే ఇంకో నూటఅరవై పౌండ్లు. దాన్ని మోయడానికి అల్మరా లోపల కర్రలతో చట్రం కట్టాలి. పైగా మట్టి కాల్చినప్పుడు కుంచించుకుంటుంది, ఏ రెండు తొట్లూ అచ్చంగా ఒకే కొలతకి రావు. ఇవన్నీ మా కాంట్రాక్టరు ఒక్కొక్క డాలరు కలుపుకుంటూ చెబుతుంటే మా ఆవిడ మొహంలో తెలుపు తగ్గుతూ వచ్చింది. చివరికి స్టీలే అనుకున్నాం, ముందు గోడ మాత్రం ఫామ్‌హౌస్‌ది.

తొట్టిలో ఒక గదా, రెండు గదులా అన్నదానికి ఇంకో పూట పట్టింది. గుండిగ పట్టాలంటే ఒకటే ఉండాలని నేను. ఎంగిలి కంచాలు వేసిన చోటే బియ్యం కడుగుతారా అని అత్తయ్య గారు. ఆవిడ పాయింటుకి నా దగ్గర జవాబు లేదు, ఉన్నా చెప్పే ధైర్యం లేదు. మధ్య గోడ సగం ఎత్తే ఉండే రకం ఒకటుంది. ఎంగిలి ఎడమ పక్క, బియ్యం కుడి పక్క, గుండిగ వచ్చినరోజు రెండు పక్కలా పరుచుకుంటుంది.

తొట్టి ధరకన్నా దాన్ని కూర్చోబెట్టడానికే ఎక్కువైంది. పాతది లోతు తక్కువ. కొత్తది కిందికి దిగేసరికి దాని కన్నం, దాని కింద వేలాడే, చెత్త నలిపే డిస్పోజల్ మిషను గోడలోని మురుగు గొట్టం కన్నా కిందికొచ్చాయి. నీళ్లు ఎగువకి పారవు గనక గోడ పగలగొట్టి గొట్టాన్ని కిందికి దించారు. సింక్ కొనేముందు లోతు చూసుకునేవాళ్లు గోడలో గొట్టం ఎత్తు కూడా కొలుచుకోండి. ఆ డిస్పోజల్ కూడా విస్కాన్సిన్ సరుకే, 1927లో రసీన్ ఊరి జాన్ హామెస్ కనిపెట్టాడు. ఆయన ములక్కాడ పిప్పి చూసి ఉండడు. కరివేపాకు రెబ్బ, ములక్కాడ పీచు, మిగిలిన అన్నం ఈ మూడూ దాంట్లోకి పోనివ్వకుండా కాపలా కాయడం ఇప్పుడు నా ఉద్యోగంలో కొత్త భాగం.

రాయి దగ్గర నవ్వొచ్చింది. మా ఆవిడ ఎంచుకున్న నల్ల పలక మీద బంగారు రంగు చుక్కలు, పేరు బ్లాక్ గెలాక్సీ. అమ్మేవాడు ఇండియా అన్నాడు గాని ఊరు చెప్పలేకపోయాడు. నేను చెప్పాను: ఒంగోలు పక్కన చీమకుర్తి. బ్లాక్ గెలాక్సీ అంటే అక్కడిదే. వాడు ఆ పేరు పలకబోయి మానుకున్నాడు. అత్తయ్య గారు ధర చీటీ రెండుసార్లు చూసి, "మన చీమకుర్తి రాయికా ఇంత?" అన్నారు. గుంటూరు నుంచి చీమకుర్తికి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి అక్కడ ఉండొచ్చు మరి. సింక్ అల్మరాలో బిగించాకే వచ్చి కొలతలు తీసుకోమన్నాను, ముందే కోస్తే ముందు గోడ దగ్గర సందు మిగిలిపోతుందని.

పాత సింక్ పారేయడానికి కాంట్రాక్టరు అరవై డాలర్లు అడిగాడు. అత్తయ్య గారు వినగానే దాన్ని పెరట్లో పెట్టించారు. రెండు చెక్క దిమ్మలు, పైన సింక్, పక్కన గార్డెన్ హోస్. టెక్సాస్ ఎండకి గోంగూర, తోటకూర ఏపుగా పెరుగుతాయి. వేళ్లతో పీకి అక్కడే మట్టి కడిగి లోపలికి తెస్తారు. చేపలు కూడా అక్కడే, వాసన ఇంట్లోకి రాదు. ముక్కాలిపీట అడిగారు గాని అది డాలస్‌లో దొరకలేదు, పిల్లల ప్లాస్టిక్ స్టూలుతో సరిపెట్టుకున్నారు.

నెల తిరక్కుండా ఇళ్ల సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. వీధిలోకి కనిపించేలా ప్లంబింగ్ సామాను ఉంచరాదు, వెంటనే తొలగించవలెను. ఇంటి వెనకున్నది వీధిలోకి ఎలా కనిపించిందా అని వెళ్లి చూస్తే కంచె చెక్క ఒకటి ఊడి ఉంది. చెక్క బిగించి, సింక్‌ని గోడ వైపు జరిపాం. అక్కడ సాయంత్రం నీడ పడుతుందని అత్తయ్య గారు అదే నయమంటున్నారు. మా ఆవిడ మాత్రం పోస్టు డబ్బా తెరిచినప్పుడల్లా రెండో ఉత్తరం కోసం వెతుకుతోంది.