చెవిలో చెప్పే బొమ్మ

తెనాలి నుంచి లాంకషైర్‌లోని ప్రెస్టన్ చేరేసరికి నాకు ఆరేళ్లు. 1985 చివరి రోజులు. నాన్న అక్కడ ఆస్పత్రిలో డాక్టరు. సాయంత్రం నాలుగింటికల్లా చీకటి కమ్మేసేది. బడి నుంచి వచ్చి, కోటు విప్పకుండానే హీటరు ముందు చతికిలబడి టీవీ పెట్టేదాన్ని.

ఇంగ్లీషు ముక్క రాదు. నాకు అందినవాడు సూటీ ఒక్కడే. చేతికి తొడుక్కునే పసుపురంగు ఎలుగుపిల్ల. వాడికీ మాట లేదు. ఏం చెప్పాలన్నా ఆ కార్యక్రమం నడిపే మాథ్యూ కార్బెట్ చెవిలో గుసగుసలాడేవాడు, మాథ్యూ అది పైకి చెప్పేవాడు. సూటీ ఉన్నది మాథ్యూ చేతికే! తన చెయ్యి చెప్పేది తనే అంత శ్రద్ధగా వినేవాడు. ఆ వినడంలోనే బొమ్మకు ప్రాణం వచ్చేది. నేనూ దుకాణంలో నాన్న చెవిలో తెలుగులో చెబితే, ఆయన కౌంటరు వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగేవాడు.

అందులోనే స్వీప్ అనే కుక్కది కీచుమనడమే. మాటలన్నీ సూ అనే పాండావి, పెద్దరికమూ ఆమెదే.

బీబీసీలో ఫిలిప్ స్కోఫీల్డ్ బ్రూమ్ కప్‌బోర్డ్ అనే ఇరుకు గదిలో కూర్చుని, మీటలు తనే నొక్కుకుంటూ కార్యక్రమాలు పరిచయం చేసేవాడు. పక్కన గోర్డన్ అనే గోఫర్ బొమ్మ. వాడిదీ కీచు భాషే. ఫిలిప్ ఆ బొమ్మ మొహంలోకి చూసి జవాబిచ్చేవాడు. అంత మర్యాద ఈనాటి యానిమేషన్లలో నాకు దొరకలేదు.

అమ్మకు మాత్రం సూటీ నచ్చేవాడు కాదు. "ఇదేం బొమ్మే, నోరు లేదు! మన తోలుబొమ్మలాటలో కేతిగాడు నోరు మూస్తే ఇంక ఆటేముంది?" అనేది.

మరుసటి ఏడాది వేసవిలో బ్లాక్‌పూల్ వెళ్లాం. సూటీ పుట్టిల్లు అదేనట. మాథ్యూ తండ్రి హ్యారీ కార్బెట్ 1948లో సెలవులకొచ్చి, నార్త్ పియర్ మీద 7 షిల్లింగుల 6 పెన్నీలకు ఆ బొమ్మ కొన్నాడు. నలుపు తెలుపు టీవీలో స్పష్టంగా కనబడాలని చెవులకూ ముక్కుకూ మసి పూశాడు. సూటీ అంటే మసిగాడు, పేరు అలా వచ్చిందే. నాన్న నాకూ అక్కడే ఒక చేతిబొమ్మ కొన్నాడు.

తిరుగు బస్సులో అమ్మ దాన్ని లాక్కుని చేతికి తొడుక్కుంది. అచ్చం కేతిగాడి గొంతుతో, ఎకసెక్కాలాడుతూ దారిపొడవునా మాట్లాడించింది. ముందు సీటు పిల్లాడు వెనక్కి తిరిగి, ఏమంటోందని నన్నడిగాడు. నేను చెప్పాను, ఇంగ్లీషులో.