బలమైన వాదన

డిగ్రీ చివరి సంవత్సరంలో మన హాస్టల్లోనే ఉండి బ్యాంకు పరీక్షలకు చదివేవాణ్ణి. రీజనింగ్‌లో కోడింగ్, సిరీస్ బాగానే వచ్చేవి. ఏ వాదన బలమైనది, ఏది బలహీనమైనది అనే ప్రశ్నల్లోనే మార్కులు పోయేవి.

ఒక మోడల్ పేపర్లో ఇలా ఉంది. సంక్షేమ హాస్టళ్లు మూసివేయాలా? మొదటి వాదన: వద్దు, అవి ఎన్నో ఏళ్లుగా ఉన్నాయి. రెండో వాదన: మూసివేయాలి, ఆ డబ్బుతో ఊరూరా హైస్కూలు పెడితే పిల్లలు తల్లిదండ్రుల దగ్గరే ఉండి చదువుకుంటారు. నేను వెంటనే మొదటిదానికి టిక్కు పెట్టాను. హాస్టల్ అన్నం తింటూ రెండోదానికి ఎలా పెడతాను? కీలో మాత్రం రెండోదే బలమైనదని ఉంది. కోపంతో పేపరు విసిరేశాను.

పక్క మంచం సీనియర్ అన్న నవ్వాడు. “నీకు నచ్చిందా అని అడగలేదురా. చెప్పిన కారణం నిజమే అనుకో. అది ప్రశ్నకు సూటిగా తగులుతుందా, ముఖ్యమైనదా, అంతే చూడు. ఎన్నో ఏళ్లుగా ఉంది కాబట్టి ఉండాలంటే, అంటరానితనం కూడా ఎన్నో ఏళ్లుగా ఉన్నదే కదా!”

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున నోట్సు వెనక రాసుకున్నాను: ‘ఊళ్లో బడి ఉన్నా, కూలికి పోయే ఇంట్లో మూడు పూటలా తిండి, రాత్రి చదువుకునే చోటు ఉండవు. హాస్టల్ ఇస్తుంది.’ అన్నకు చూపించాను. “ఇదీ బలమైనదే. రెండు వైపులా బలమైన వాదనలు ఉండొచ్చు” అన్నాడు.

తమ్ముళ్లూ, మన గురించి ఎవరైనా ప్రశ్న వేస్తే కోపం తెచ్చుకోకండి. కారణం చెప్పండి. మన దగ్గర ఉంది.