ఎనిమిది రోజుల దారి

హిందూపురం

అక్కా,

క్షేమంగా చేరాను. పొద్దున్నే లేపాక్షి వెళ్లొచ్చాను, పదిహేను కిలోమీటర్లే. ఆ గుడి కట్టించిన విరుపణ్ణ విజయనగర రాజు అచ్యుతరాయల కాలంలో పెనుకొండ కోశాధికారి అంటారు. రాజు హంపిలో ఉండగానే పెనుకొండకు అంత హోదా! రేపటి ప్రయాణం అక్కడికే.

లండన్ నుంచి పారిస్‌కి విమానంలో గంటా పదిహేను నిమిషాలే పట్టిందని పాప ఫోన్లో చెబితే మీరంతా ఎంత మురిసిపోయారో గుర్తుందా? ఆ రెండు రాజధానుల మధ్య గాలిదారి 340 కిలోమీటర్ల పైచిలుకు. పాత రాజధాని హంపికీ, ఆ తర్వాతి రాజధాని పెనుకొండకూ మధ్య ఎంతో మ్యాపు మీద లెక్కగట్టాను. సుమారు 185 వచ్చింది. లండన్-పారిస్ దూరంలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. మన రాజధానుల దూరం మన పిల్లలకు ఎవరూ చెప్పరెందుకో!

పెనుకొండ

అక్కా,

గగన్‌మహల్ చూశాను, బాబయ్య దర్గాలో కాసేపు కూర్చున్నాను. ఊరిని ఆనుకుని లేచిన ఆ కొండను చూస్తే తిరుమలరాయలు ఇక్కడికే ఎందుకొచ్చాడో ఎవరూ చెప్పనక్కర్లేదు.

1565 జనవరిలో తళ్లికోట యుద్ధం. అళియ రామరాయల తల తెగింది. ఆయన తమ్ముడు తిరుమల, రాజు సదాశివరాయలను వెంటబెట్టుకుని ఖజానాతో హంపి విడిచాడు. 550 ఏనుగుల మీద సొమ్ము తరలిందని రాబర్ట్ స్యూయెల్ 1900లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. అంత బరువుతో, వెనక శత్రువు భయంతో ఎన్నాళ్లు నడిచారు?

ఆ లెక్కకు ఒక సాక్షి ఉన్నాడు. సీజర్ ఫ్రెడెరిక్ అనే వెనిస్ వర్తకుడు 1567లో హంపి చేరి ఏడు నెలలు ఉన్నాడు. ఇళ్లు నిలిచే ఉన్నాయట, మనుషులే లేరట. పులులు తిరుగుతున్నాయని విన్నాడట. రాజు పరివారంతో పెనుకొండ కోటకు వెళ్లిపోయాడనీ, అది ఎనిమిది రోజుల ప్రయాణమనీ రాశాడు. ఎనిమిది రోజులు! రోజుకు దాదాపు పాతిక కిలోమీటర్ల నడక. బళ్లారి రేగళ్లు దాటి, బండలూ తుమ్మలూ దాటి, ముసలివాళ్లూ చంటిపిల్లలూ ఎలా నడిచారో! చరిత్ర పుస్తకాల్లో రాజధాని మారిందని ఒక్క ముక్క ఉంటుంది. ఆ ఎనిమిది రాత్రులూ వాళ్లు ఎక్కడ పడుకున్నారో, ఏ చెరువు నీళ్లు తాగారో ఎవరైనా రాసిపెట్టి ఉంటే ఎంత బాగుండేది.

ఊరి బయట 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. వాటిలో ఒకటెక్కితే హంపికి ఒక్క పూట ప్రయాణం.

ధర్మవరం

అక్కా,

నీకు పట్టుచీర తీసుకున్నాను, అంచు వంగపండు రంగు. మగ్గం ముందు కూర్చుని నేత చూస్తూ పొద్దు తెలియలేదు.

పెనుకొండ నుంచి చంద్రగిరి దూరం కూడా కొలిచాను. ఇంచుమించు 195 కిలోమీటర్లు! వెంకటపతి రాయల కాలంలో రాజధాని అక్కడికి జరిగింది. మొదటి దూరం ఎంతో రెండోదీ దాదాపు అంతే. అయితే నాకు మొదటిదే ఎక్కువ బాధగా ఉంది, అది ఓడి నడిచిన దారి కాబట్టి.

రాత్రికి ఇక్కడే హంపి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాను. గుంతకల్లు, బళ్లారి మీదుగా తెల్లవారేసరికి హోసపేట. తిరుమలరాయల పరివారం వచ్చిన దిక్కుకు ఎదురు వెళ్తున్నాను. చంద్రగిరి మాత్రం నువ్వూ బావా వస్తేనే. సంక్రాంతి సెలవుల్లో వీలవుతుందేమో బావను అడిగి రాయి.

నీ తమ్ముడు